పలకల ఊరి నుంచి కార్డు పంపాలంటే

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలోకి వెళ్లి చూస్తే ముందుగా కంటపడేది పేర్చిన తీరు. కోసి, నునుపు చేసిన రాతి పలకల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టరు. అంచు మీద నిలబెట్టి పక్కపక్కన ఆనించి పేరుస్తారు. లారీకెక్కే చెక్కపెట్టెల్లోనూ అంతే. ఈ రాయి పొరలు పొరలుగా చీలుతుంది. ఆ గుణం వల్లే అది పలక అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరలకు ఇదే ప్రాంతంలోని కంభం ఊరి పేరే పెట్టారు. పై నుంచి ఎంత బరువు పెట్టి నొక్కినా ఈ రాయి ఓర్చుకుంటుంది గానీ వంపును మాత్రం ఓర్చుకోదు. పడుకోబెట్టి పేరిస్తే పైవాటి బరువంతా అడుగు పలక మీద పడుతుంది. దాని కింద చిన్న రాతి పలుకు ఒకటి ఉన్నా చాలు, సరిగ్గా అక్కడే పగులుతుంది. నిలబెడితే ఏ పలక బరువు ఆ పలకే మోసుకుంటుంది.

దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకల్లో చాలా భాగం ఇక్కడి నుంచే వెళ్లాయి. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయి, అదే రాయి ఇప్పుడు గోడలకీ నేలకీ వేసే టైల్స్‌గా విదేశాలకు పోతోంది. పెళుసు వస్తువును దూరం పంపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఎవరైనా తమ దగ్గరున్న సేకరణ కార్డుల్ని కొన్నవాళ్లకు పోస్టులో పంపాలనుకుంటే, నేర్చుకోవలసిన దాంట్లో సగం ఊళ్లోనే ఉందని నా నమ్మకం. మిగతా సగం కాగితం స్వభావానికి సంబంధించింది.

సేకరణ కార్డులంటే ఇక్కడ పోకెమాన్, క్రికెట్, కుస్తీ వీరుల కార్డులు. తొంభైల్లో, 2000ల మొదట్లో బడి ముందు కొట్లో కొని, ఎవరి కార్డులో ఛాతీ కొలత ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు ఆడుకున్న ట్రంప్ కార్డుల కట్టలు చాలా ఇళ్లలో ఇంకా ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఇప్పుడు అవి కావాలని వెతికేవాళ్లున్నారు. హైదరాబాద్‌లోనో పూణేలోనో కూర్చుని ఫోన్లో ఫొటో చూసి డబ్బు పంపేస్తారు. ఆ ఫొటోలో చూసిన కార్డే, అదే స్థితిలో వాళ్ల చేతికి అందాలి. అమ్మకంలో నిజాయితీ అంటే నా లెక్కలో అదే, దాన్ని నిలబెట్టేది ప్యాకింగే.

ఈ కార్డుల పుట్టుక కూడా ప్యాకింగ్‌తోనే ముడిపడి ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో సిగరెట్లు మెత్తని కాగితం ప్యాకెట్లలో వచ్చేవి. లోపలి సిగరెట్లు నలగకుండా ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఆ అట్ట మీద నటీమణుల బొమ్మలు, ఆటగాళ్ల బొమ్మలు అచ్చేయడం మొదలయ్యాక జనం వాటిని దాచుకోసాగారు. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1880ల చివర్లో ఆ దారే పట్టింది. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు వర్జీనియా పొగాకు బేళ్లు తోలే రైతుల జిల్లాలో ఈ కథ చెప్పుకోవడం నాకు ఇష్టం. సిగరెట్టును కాపాడటానికి పుట్టిన అట్టను ఇవాళ మనం ఇంకో అట్టతో కాపాడుతున్నాం.

ఎందుకంత జాగ్రత్త అంటే, ధర అంతా అంచుల్లో ఉంది కాబట్టి. కార్డుల స్థితిని పరీక్షించి 1 నుంచి 10 దాకా మార్కులు వేసే సంస్థలున్నాయి. వాటిలో పేరున్న పీఎస్ఏ 1991లో మొదలైంది. వాళ్లు చూసేవి నాలుగు: మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా లేదా. చివరిది అచ్చుయంత్రం చేతిలో ఉంది. మొదటి మూడూ పంపేవాడి చేతిలో ఉన్నాయి. 1952 నాటి టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డు ఒకటి, ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మ ఉన్నది, 2022 ఆగస్టులో 1 కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అలాంటి మరో సంస్థ దానికి వేసిన మార్కు 9.5. అదే బొమ్మ ఉన్న కార్డు మూలలు అరిగి ఉంటే ధర అందులో చిన్న వంతుకు పడిపోతుంది. మన కార్డు మూడు వందల రూపాయలదే కావచ్చు. లెక్క మాత్రం అదే.

పలక పగిలితే చప్పుడవుతుంది, పెట్టె తెరవకముందే తెలిసిపోతుంది. కార్డు చప్పుడు లేకుండా చెడిపోతుంది. ఒక్కసారి మడత పడితే లోపలి కాగితపు నారలు తెగిపోతాయి. తర్వాత ఎన్ని పుస్తకాల కింద పెట్టి నొక్కినా, దీపం వెలుగులో వాల్చి చూస్తే ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. మూల తగిలితే పై పూత లేచి లోపలి కాగితం తెల్లగా బయటపడుతుంది. దారిలో కార్డుకు వచ్చే ప్రమాదాలు నాలుగే: వంగడం, కదలడం, తేమ, జిగురు. కొత్తగా పంపేవాళ్లు చాలామంది మొదటి దాన్నే తలుచుకుని భయపడతారు. నా దృష్టిలో అసలు శత్రువు రెండోది, కదలిక. కవర్లో ఖాళీ ఉంటే, మార్కాపురం నుంచి ముంబై దాకా కార్డు ముందుకీ వెనక్కీ జారుతూ ప్రతి కుదుపుకీ అదే మూలను కొట్టుకుంటుంది.

మొదటి తొడుగు పల్చటి ప్లాస్టిక్ స్లీవ్. మామూలు కార్డు కొలత 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 ఎత్తు. స్లీవ్ దానికంటే కాస్త పెద్దది. పాలీప్రొపిలిన్‌తో చేసింది తీసుకోవాలి. పాత ఫొటో ఆల్బముల్లో ఉండే మెత్తని పీవీసీ షీట్లు వద్దు. వాటిని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కొన్నేళ్లకు బయటికొచ్చి అచ్చుకు అంటుకుంటుంది. మార్కాపురం ఎండలకు ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. తెరవగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమని, వేలికి అంటుకుంటున్నట్టు ఉంటే అలాంటిదాన్ని పక్కన పెట్టేయండి.

ప్యాకింగ్‌లో కార్డు దెబ్బతినేది ఎక్కువగా ఈ స్లీవ్‌లోకి పెట్టేటప్పుడే. స్లీవ్ నోరు అతుక్కుని ఉంటుంది, కార్డు మూల దానికి తట్టుకుని వంగుతుంది. అనుభవజ్ఞులు ఒక చిన్న పని చేస్తారు. స్లీవ్ నోటి దగ్గర ఒక మూలను కత్తెరతో ఏటవాలుగా, మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే కత్తిరిస్తారు. అప్పుడు రెండు పొరలూ విడివిడిగా వేలికి అందుతాయి. కార్డును అంచులు పట్టుకుని, ఆ తెరిచిన మూల వైపు నుంచి వాలుగా దించితే ఎక్కడా తట్టుకోకుండా అడుగు దాకా పోతుంది. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాకే ఈ పని పెట్టుకోవాలి. మధ్యాహ్నం పూట చెమట చేతులతో మెరిసే కార్డును ముట్టుకుంటే వేలిముద్ర దాని మీద ఉండిపోతుంది.

రెండో తొడుగు టాప్‌లోడర్, గట్టి ప్లాస్టిక్ ఒర. స్లీవ్ తొడిగిన కార్డునే ఇందులో పెట్టాలి. ఉత్త కార్డు పెడితే గట్టి ప్లాస్టిక్ రాసుకుని ఉపరితలం మీద గీతలు పడతాయి. కొత్త టాప్‌లోడర్‌లో ప్లాస్టిక్ నలుసులు ఉంటాయి, నోరు కిందికి పెట్టి రెండుసార్లు తట్టి దులపండి. టాప్‌లోడర్లు మార్కాపురంలో దొరకవు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. అవి రాకముందే అమ్మకం కుదిరితే పాత ఏటీఎం కార్డుల్ని, ప్లాస్టిక్ ఫైలు ముక్కల్ని వాడేద్దామనిపిస్తుంది. కొనేవాళ్లకు రెండు రోజులు ఆలస్యమవుతుందని చెప్పడమే మేలు.

టాప్‌లోడర్ పై వైపు నోరు తెరిచే ఉంటుంది. కుదుపుకు కార్డు అందులోంచి జారి బయటికి వస్తుంది, కాబట్టి నోటికి టేపు వేయాలి. ఇక్కడే జిగురు ప్రమాదం. సెల్లోటేపు గానీ పార్శిళ్లకు వేసే బ్రౌన్ టేపు గానీ వేస్తే అవి ఊడిరావు. కొన్నవాళ్లు విసుగొచ్చి బ్లేడు తీసుకుంటారు. బ్లేడు జారితే కార్డు పోతుంది. రంగులు వేసేవాళ్లు తలుపు అంచులకు అంటించే మాస్కింగ్ టేపు వాడండి. పెయింట్ల షాపులో అడిగితే ఇస్తారు. దాని జిగురు తక్కువ, మరక మిగలదు. టేపు చివర ఒక సెంటీమీటరు లోపలికి మడిచి అంటిస్తే పట్టుకుని లాగడానికి కొస మిగులుతుంది. ఈ కొస మడవని పార్శిలు అందుకున్నవాళ్లకే తెలుస్తుంది దాని విలువ. ఆపైన మొత్తాన్నీ ఒక జిప్‌లాక్ కవర్లో పెట్టి మూయాలి. కవరు టాప్‌లోడర్ కంటే మరీ పెద్దదైతే మిగిలిన భాగాన్ని వెనక్కి మడిచి మాస్కింగ్ టేపు వేయండి.

ఇక అట్టలు. ప్యాకింగ్ మొత్తంలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది వీటి మీదే. మందుల షాపు వాళ్లు పడేసే పెట్టెల అట్ట సరిపోతుంది, పొడిగా, మడతలు లేకుండా ఉంటే చాలు. ఆ అట్టను పక్క నుంచి చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా మూడో కాగితం ఉంటుంది. అట్టను చేత్తో వంచి చూడండి. అలల గీతలు పోయే దిక్కులో మడత సులువుగా పడుతుంది. దానికి అడ్డంగా వంచబోతే అట్ట ఎదురు తిరుగుతుంది. అంటే ఒక అట్ట ఒక దిక్కు వంపునే ఆపగలదు. కాబట్టి రెండు ముక్కలు కోసేటప్పుడు ఒకదాంట్లో గీతలు నిలువుగా, రెండోదాంట్లో అడ్డంగా వచ్చేట్టు కోయాలి. టాప్‌లోడర్‌ను మధ్యలో పెడితే ఇప్పుడు ఏ దిక్కున వంచినా ఏదో ఒక అట్ట అడ్డుపడుతుంది. ఖర్చేమీ పెరగదు, ఒక ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి కోయడమే తేడా.

అట్టలు టాప్‌లోడర్ కంటే నాలుగు వైపులా రెండేసి సెంటీమీటర్లు పెద్దవిగా ఉండాలి. పార్శిలు తరచూ మూల మీద పడుతుంది. అప్పుడు నలగాల్సింది అట్ట మూల, దాని లోపల రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న కార్డు మూల కాదు. ముందు టాప్‌లోడర్ ఉన్న కవరును ఒక అట్టకు మాస్కింగ్ టేపుతో కదలకుండా అంటించండి. తర్వాత రెండో అట్ట మూసి నాలుగు అంచులకూ టేపు వేయండి. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల ఏ చిన్న చప్పుడు వినిపించినా విప్పి మళ్లీ కట్టాలి. పలకల పెట్టెలోనూ ఇదే సూత్రం. చెక్కపెట్టె బరువు మోస్తుంది, పలకలు ఒకదానికొకటి బిగువుగా ఆనుకుని ఉంటాయి, మధ్యలో ఆట ఉండదు. మెత్తటి సరుకు దట్టించినంత మాత్రాన రాయి బతకదు. కదలకపోతేనే బతుకుతుంది.

బబుల్ షీట్ గురించి ఒక అపోహ ఉంది. నాలుగు చుట్లు చుడితే ఇక భయం లేదనుకుంటారు. గాలిబుడగలు కింద పడిన దెబ్బను మింగుతాయి గానీ వంపును ఆపవు. ఉత్త బబుల్ షీట్లో చుట్టిన కార్డును రెండు చేతులతో పట్టుకుని వంచితే కార్డూ దానితో పాటే వంగుతుంది. పైగా కవరు లావెక్కి మధ్యలో ఉబ్బుతుంది. సంచిలో దాని మీద బరువు పడ్డప్పుడు ఆ ఉబ్బిన చోటే నొక్కుకుంటుంది. అట్టల బయట ఒక్క చుట్టు, లేదా లోపల బుడగలున్న కవరు, అంతే చాలు.

తేమ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనది వాన తక్కువ పడే మెట్ట ప్రాంతం. మెరిసే రేకు పొర ఉన్న కార్డుల్లో ముందు రేకు, వెనక కాగితం ఉంటాయి. కాగితం గాలిలోని తేమ పీల్చుకుని సాగుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. రేకు పొర ఈ రెండూ చేయదు. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడి పొడిగాలికి కాగితం కుంచించుకుని కార్డు ముందువైపు ఉబ్బుతుంది. అదే కార్డు విశాఖపట్నంలోనో చెన్నైలోనో తెరిస్తే అక్కడి ఉక్కలో కాగితం సాగి కార్డు ఎదురువైపు వంగుతుంది. కొన్నవాళ్లు దారిలో వంగిందని అనుకుంటారు. జిప్‌లాక్ కవరు ఇక్కడే పనికొస్తుంది. లోపలి గాలిని అలాగే పట్టి ఉంచి మార్పును నెమ్మది చేస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్ల కాలంలో తడిసే ప్రమాదానికీ అదే అడ్డు. మందుసీసాల్లో ఉండే సిలికా జెల్ పొట్లం ఒక్క కార్డు ఉన్న కవర్లో పెట్టకండి. అది కార్డు మీద గుంట నొక్కుతుంది. వంద కార్డుల పెట్టెలో ఒక మూలన పెట్టొచ్చు.

ఒకటి రెండు కాక వంద కార్డులు కలిపి పంపాల్సి వస్తే పూర్తిగా పలకల పద్ధతే. చిన్న అట్టపెట్టెలో అంచు మీద నిలబెట్టండి. రబ్బరు బ్యాండు వేయకూడదు, అది కట్టలో మొదటి కార్డు, చివరి కార్డు అంచుల్లో గాట్లు పెడుతుంది. మిగిలిన ఖాళీని మడిచిన తెల్లకాగితంతో నింపండి. వార్తాపత్రిక సిరా అంటుకుంటుంది. వేలు పెడితే కార్డులు పక్కకు వాలకూడదు, అలాగని ఒకటి తీయబోతే రెండోది కూడా లేచి రాకూడదు. మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించిన కార్డు అయితే కవరు అసలు పనికిరాదు, పెట్టెలోనే పంపాలి. అది వంగదు గానీ మూల మీద పడితే పగులుతుంది. ఇక్కడ మాత్రం బబుల్ షీట్ నాలుగు చుట్లు చుట్టండి.

పోస్టాఫీసులో చేయాల్సిన పనులు తక్కువే. పెద్దవాళ్లు ఇప్పటికీ రిజిస్టర్ పోస్టులో పంపమంటారు. తపాలా శాఖ 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేసింది, కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టే. సాదా పోస్టుకు ట్రాకింగ్ ఉండదు, డబ్బు తీసుకున్న వస్తువును అందులో వేయకండి. బరువు 50 గ్రాములు దాటితే చార్జీ పెరుగుతుందని ఒక అట్ట తీసేసేవాళ్లున్నారు. ఆ ఆదా కార్డు ధరలో ఏ మూలకూ రాదు. తేదీ ముద్ర కొట్టే చోట, కవరు పైభాగంలో, కార్డు లేకుండా చూసుకోండి. ఆ ముద్రను గట్టిగా గుద్దుతారు. లోపలి కట్టను కవరు అడుగుకు జరిపి అక్కడే నిలిచేట్టు పై ఖాళీని వెనక్కి మడిచి టేపు వేయాలి. అడ్రసు మీద వెడల్పాటి పారదర్శక టేపు వేస్తే వానకు సిరా కారదు. కవరు చిరిగినా కట్ట దారి తప్పకుండా, అదే అడ్రసు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి లోపల అట్టకు అంటించండి. పిన్ కోడ్ రెండుసార్లు సరిచూసుకోండి. మార్కాపురం 523316, గిద్దలూరు 523357, ఒకే 523తో మొదలైనా చివరి మూడంకెలు తప్పితే పార్శిలు వేరే ఊరికి వెళ్లి తిరిగొస్తుంది. "మడవవద్దు" అని తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో రాయండి. కానీ ఆ మాట ఎవరూ చదవరన్నట్టుగానే కట్టండి. పైన బొమ్మ పేరు, ధర రాయకండి.

ఆంధ్రప్రదేశ్ లోపలే అయితే ఆర్టీసీ కార్గో ఉంది. మార్కాపురం, గిద్దలూరు బస్టాండ్లలో ఇస్తే బస్సులో పోతుంది. అయితే అక్కడ పక్కన ఎరువుల సంచీ ఉందో ఇనుప సామానుందో తెలియదు, కవరు కాక పెట్టె తప్పనిసరి.

ఖరీదైన కార్డుకు ఇన్సూరెన్స్ తీసుకోవాలి. అది లేని పార్శిలు పోతే వచ్చే పరిహారం కార్డు ధరతో పోలిస్తే చాలా చిన్నది. ప్యాక్ చేసేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి. కార్డు ముందు, వెనక, నాలుగు మూలలు దగ్గరగా చూపించి, కెమెరా ఆపకుండానే కవరు మూసి అడ్రసు దాకా చూపించాలి. తర్వాత ఏ తగాదా వచ్చినా ఇద్దరి మధ్యా సాక్ష్యం అదొక్కటే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు పాత ట్రంప్ కార్డులు అడుగుతుంటారు. విదేశాలకు కస్టమ్స్ పత్రంలో వస్తువు, దాని ధర ఉన్నదున్నట్టు రాయాలి. బహుమతి అని రాయమని కొన్నవాళ్లు అడిగినా ఒప్పుకోకండి.

చివరగా, లోపల పెట్టే చీటీలో తెరిచే పద్ధతి కూడా రాయండి. అట్టల టేపును కత్తితో లోతుగా కోయొద్దు, అంచు వెంట కత్తెరతో కోయాలి. జిప్‌లాక్ కవరును ఒక పూట తెరవకుండా గదిలో ఉంచాలి. టాప్‌లోడర్ నోటి దగ్గర మాస్కింగ్ టేపు కొస పట్టుకుని లాగాలి. తర్వాత టాప్‌లోడర్‌ను రెండు పక్కలా మెల్లగా నొక్కితే నోరు తెరుచుకుంటుంది, తలకిందులు చేసి అరచేతిలోకి తడితే స్లీవ్‌తో సహా కార్డు జారి వస్తుంది. వేలు పెట్టి లాగొద్దని ఆ చీటీలో కింద గీత గీసి రాయండి, ఇంత దూరం నలగకుండా వచ్చిన మూల అక్కడే వంగుతుంది.